షెడ్యూల్‌లో ఎన్ని యాక్టివిటీలు దాటితే ఎంఎస్ ప్రాజెక్ట్ మొరాయిస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో నాలుగు టవర్ల అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు. ఒక్కో టవర్ 30 అంతస్తులు, ఫ్లోరుకు ఆరు ఫ్లాట్లు. టవర్‌కు ఒక ఎంఎస్ ప్రాజెక్ట్ (మైక్రోసాఫ్ట్ వారి షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్) ఫైలు, వాటన్నిటినీ కలిపే మాస్టర్ ఫైలు ఒకటి. మొత్తం 11,000 లైన్లు, అంటే పనులు (టాస్కులన్నా, యాక్టివిటీలన్నా ఇవే). ఫినిషింగ్ పనులు ఫ్లాట్ వారీగా రాశారు, చాలావాటికి లేబర్, మెటీరియల్ కూడా లోడ్ చేశారు. ఫైళ్లన్నీ ఆఫీసు సర్వర్‌లో ఉన్నాయి. మాస్టర్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతోంది, ఒక డ్యూరేషన్ మారిస్తే స్క్రీన్ బిగుసుకుపోతోంది. గరిష్ఠంగా ఎన్ని టాస్కుల దాకా పెట్టుకోవచ్చు, ప్రైమవెరా పీ6 అనే ఇంకో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారితే ఈ బాధ తప్పుతుందా అని అడిగారు.

ముందు అంకెలు చెప్తాను, కారణాలు తర్వాత. మైక్రోసాఫ్ట్ స్పెసిఫికేషన్‌లో టాస్కుల పరిమితి లక్షల్లో ఉంటుంది. మామూలు నిర్మాణ ప్రాజెక్టు ఏదీ దాని దరిదాపులకు పోదు కాబట్టి ఆ అంకె మీకు ఎందుకూ పనికిరాదు. నేను చెప్పేవి భవనాలు, పైప్‌లైన్లు, ప్లాంట్ షట్‌డౌన్‌ల (మరమ్మతుల కోసం ప్లాంటును ఆపి చేసే పనులు) షెడ్యూళ్లు ఏళ్ల తరబడి నడిపిన అనుభవంతో పెట్టుకున్న హద్దులు. ఎంఎస్ ప్రాజెక్ట్ డెస్క్‌టాప్‌లో ఒక ఫైలుకు 2,000 టాస్కుల లోపు ఉంటే దేని గురించీ ఆలోచించక్కర్లేదు. 2,000 నుంచి 5,000 వరకు హాయిగా నడుస్తుంది, కాకపోతే సెట్టింగులు, రిసోర్సుల (పనికి కేటాయించే మనుషులు, యంత్రాలు, మెటీరియల్) విషయంలో క్రమశిక్షణ కావాలి. 5,000 దాటాక రిసోర్సులు లేని షెడ్యూలైతే నెట్టుకురావచ్చు, రిసోర్సులు నింపితే చుక్కలు చూపిస్తుంది. 10,000 దాటితే నేనైతే ఆ ఫైలును అందులో ఉంచను. పీ6లో ఒక ప్రాజెక్టుకు 10,000 నుంచి 20,000 యాక్టివిటీలు మామూలు విషయమే. రిఫైనరీ షట్‌డౌన్‌లలో గంటల లెక్కన రాసే షెడ్యూళ్లు అంతకంటే చాలా పెద్దవి కూడా దాని మీదే నడుస్తాయి. బ్రౌజర్‌లో పనిచేసే 'ప్రాజెక్ట్ ఫర్ ద వెబ్' వచ్చిన కొత్తలో ఒక ప్లాన్‌కు 500 టాస్కులే హద్దుగా ఉండేది. ఆ కుటుంబానికి చెందిన వెబ్ పనిముట్లు మీ సైజు పనికి సరిపోవు, వాటి జోలికి వెళ్లకండి.

అయితే లైన్ల సంఖ్యను చూసి భయపడకండి. క్రిటికల్ పాత్ (ప్రాజెక్టు ముగింపు తేదీని నిర్ణయించే పనుల గొలుసు) లెక్క 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల ఇంజనీర్లు యూనివాక్ కంప్యూటర్ మీద నడపడానికి తయారు చేసింది. ముందుకు ఒక దఫా, వెనక్కి ఒక దఫా లెక్కిస్తే అయిపోతుంది. యాక్టివిటీలు, లింకులు (ఏ పని తర్వాత ఏ పని అనే సంబంధాలు) రెట్టింపైతే పనీ దాదాపు రెట్టింపే అవుతుంది, అంతకుమించి పెరగదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు 11,000 యాక్టివిటీల ముందు-వెనుక లెక్క ఏమంత బరువు కాదు. మరి స్క్రీన్ ఎందుకు బిగుసుకుపోతోంది? ఒక్కో లైను వెనక మీరు తగిలించిన సామాను వల్ల.

అందులో మొదటిది రిసోర్స్ అసైన్‌మెంట్లు. ఒక టాస్కుకు మేస్త్రీ, హెల్పర్, సిమెంటు అని మూడు రిసోర్సులు ఇస్తే మూడు అసైన్‌మెంట్లు పుట్టాయి. 11,000 టాస్కులకు సగటున మూడేసి అంటే 33,000. వాటిలో ప్రతిదానికీ సొంత ప్రారంభం, ముగింపు, పని గంటలు, ఖర్చు ఉంటాయి. పని రోజుకు సమానంగా పరుచుకుని ఉన్నంతసేపు సాఫ్ట్‌వేర్ దాన్ని క్లుప్తంగా దాచుకుంటుంది. టాస్క్ యూసేజ్ వ్యూలోకి వెళ్లి రోజువారీ గడుల్లో అంకెలు కొట్టడం మొదలుపెట్టగానే ఆ అసైన్‌మెంట్ ముక్కలు ముక్కలవుతుంది. నాలుగు నెలలు అలా కొడితే ఫైలు సైజు మీకే తెలిసేంతగా పెరుగుతుంది. నా సలహా ఏమిటంటే, షెడ్యూల్ ఫైలులో సిమెంటు బస్తాలూ ఇసుక లారీలూ వద్దు. మెటీరియల్ లెక్క స్టోర్స్ వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది, కంపెనీ లెక్కల సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీలోనూ ఉంటుంది. షెడ్యూల్‌లో ఉండాల్సినవి పనిని నిజంగా ఆపగల రిసోర్సులే. టవర్ క్రేన్, షట్టరింగ్ సెట్లు, మీ ప్రాంతంలో దొరకడం కష్టమైన ఫలానా ట్రేడ్ మనుషులు. ఇలా ఏరితే 33,000 కాస్తా నాలుగైదు వేలకు దిగుతుంది, వేగంలో తేడా ఆ రోజే కనిపిస్తుంది.

రెండోది బేస్‌లైన్లు, అంటే తర్వాత పోల్చుకోవడానికి ఆ రోజు ప్లాన్‌ను దాచిన కాపీలు. ఎంఎస్ ప్రాజెక్ట్‌లో ఒక ఫైలుకు 11 బేస్‌లైన్లు పెట్టుకోవచ్చు, అసలుది ఒకటి, నంబర్లు వేసినవి పది. ప్రతి నెలా రిపోర్టు పంపిన రోజున ఒకటి సేవ్ చేసే అలవాటు చాలా ఆఫీసుల్లో చూశాను. బేస్‌లైన్ అంటే తేదీల కాపీ ఒక్కటే అనుకుంటారు. అసైన్‌మెంట్ల పని, ఖర్చు ఏ రోజుకు ఎంతో ఆ రోజువారీ పంపకం కూడా అందులోకి వెళ్తుంది. ఒప్పందపు బేస్‌లైన్ ఒకటి, ఆమోదం పొందిన తాజా రివిజన్ ఒకటి ఉంచి మిగిలినవి తుడిచేయండి. నెలనెలా స్థితి కావాలంటే ఆ నెల ఫైలునే తేదీ పేరుతో వేరే ఫోల్డర్లో దాచుకోండి. రేపు గడువు పెంపు కోరుతూ ఎక్స్‌టెన్షన్ ఆఫ్ టైమ్ క్లెయిమ్ వేయాల్సి వచ్చినా ఆ నెలవారీ ఫైళ్లే సాక్ష్యంగా పనికొస్తాయి, బేస్‌లైన్ 7 కాలమ్ కాదు.

మీరు సొంతంగా చేర్చుకున్న కాలమ్‌లలో (కస్టమ్ ఫీల్డుల్లో) ఫార్ములాలు రాసుంటే అవి కూడా చూడండి. ఒక 'ఐఐఎఫ్' (అయితే-కాకపోతే షరతు) లోపల ఇంకొకటి, దాని లోపల మరొకటి పెట్టి రంగు గుర్తులు తెప్పించే ఫార్ములా ప్రతి లైనుకూ, ప్రతి మార్పుకూ తిరుగుతుంది. అలాంటివి డజను ఉంటే మీరు ఒక్క డ్యూరేషన్ మార్చినప్పుడు లక్షకు పైగా చిన్న లెక్కలు జరుగుతున్నట్టు. ఆ రంగులు వారానికోసారి మీటింగ్‌లో చూపించడానికే అయితే ఎక్సెల్‌కు పంపి అక్కడ వేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీ కేసులో నేను మొదట అనుమానించేది, మాస్టర్ ఫైలు ఏర్పాటు. నాలుగు ఫైళ్లు సర్వర్‌లో ఉన్నాయి, వాటి మధ్య క్రాస్ లింకులు, ఒక షేర్డ్ రిసోర్స్ పూల్ (అన్ని ఫైళ్లూ పంచుకునే రిసోర్సుల జాబితా) కూడా ఉండి ఉంటాయి. మాస్టర్ తెరిచినప్పుడు సాఫ్ట్‌వేర్ అన్ని ఫైళ్లనూ నెట్‌వర్క్ మీదుగా లాగాలి, ఒక్కో బయటి లింకు అవతలి కొసను సరిచూసుకోవాలి. ఎవరైనా ఫైలు పేరు మార్చినా, ఫోల్డర్ జరిపినా, పాత కాపీని పైన పేస్ట్ చేసినా ఆ లింకులు తెగి, ఎటూ కానివై మిగులుతాయి. ఎంఎస్ ప్రాజెక్ట్ ఫైళ్లు చెడిపోవడానికి నాకు తెలిసిన అతి పెద్ద కారణం ఇదే. వేగం తగ్గడం దానికి ముందొచ్చే లక్షణం. ఫైళ్లు వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్లో ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే మీరు సేవ్ కొట్టిన క్షణాన సింక్ కూడా అదే ఫైలును పట్టుకుని ఉండొచ్చు. మాస్టర్ అవసరమే అయితే దాన్ని చూడడానికి మాత్రమే వాడండి. వారానికోసారి నాలుగు ఫైళ్లను లోకల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, అక్కడ కొత్తగా కలిపి, రిపోర్టులు తీసుకుని వదిలేయండి. టవర్ల మధ్య నిజంగా ఉన్న సంబంధాలు ఎన్ని? క్రేన్ ఒకచోట నుంచి ఇంకోచోటికి మారడం, పోడియం, కామన్ సబ్‌స్టేషన్, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి). వాటికి లింకుల బదులు ప్రతి ఫైలులో ఒక మైల్‌స్టోన్ (తేదీ గుర్తు) పెట్టి, తేదీని వారంవారం చేత్తో మార్చుకోవచ్చు. అలాంటి సంబంధాలు పట్టుమని ఇరవై కూడా ఉండవు.

సెట్టింగుల గురించి క్లుప్తంగా. ఆప్షన్స్‌లో షెడ్యూల్ విభాగంలో 'ప్రతి మార్పు తర్వాత లెక్కించు' అనేది ఆఫ్ చేసి, అప్‌డేట్ అంతా ఎక్కించాక ఎఫ్9 నొక్కండి. అప్పటిదాకా స్క్రీన్ మీద ఉన్న తేదీలు పాతవే అన్న సంగతి మర్చిపోకండి, ఆ స్థితిలో ప్రింటు తీసి ఎవరికీ ఇవ్వకండి. అడ్వాన్స్‌డ్‌లో అన్‌డూ లెవెల్స్ మామూలుగా 20 ఉంటాయి, 99 దాకా పెంచుకోవచ్చు. ఎవరో 99 పెట్టి ఉంటే తగ్గించండి, అవన్నీ మెమరీ తింటాయి. రిసోర్స్ లెవెలింగ్ (రిసోర్సులు చాలనప్పుడు పనులను వాయిదా వేసి సర్దడం) ఆటోమేటిక్‌లో ఉంటే వెంటనే మాన్యువల్‌కు మార్చండి. లెవెలింగ్ క్రిటికల్ పాత్ లాంటి తేలిక లెక్క కాదు, పెద్ద ఫైలులో మార్పు మార్పుకూ అది నడిస్తే ఏ మెషినూ తట్టుకోదు. మీ ఎంఎస్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్ 32 బిట్ అయితే 64 బిట్‌కు మారండి, అది 2010 వెర్షన్ నుంచీ ఉంది. ర్యామ్ ఎంతున్నా 32 బిట్ ప్రోగ్రామ్ అందులో కొంతే వాడుకోగలదు, ఐటీ వాళ్లు మీకు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చినా తేడా కనిపించకపోవడానికి ఇదొక కారణం.

వీటిలో మీ ఫైలును కుంగదీస్తున్నది ఏదో ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. ఒక టవర్ ఫైలు కాపీని మీ సి డ్రైవ్‌లో పెట్టండి. తెరవడం, ఒక డ్యూరేషన్ మార్చడం, సేవ్ చేయడం, ఈ మూడింటికీ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి సెకన్లు రాసుకోండి. సర్వర్ మీద ఉన్నప్పటి కంటే ఇక్కడే చాలా వేగంగా ఉంటే సమస్య నెట్‌వర్క్‌ది, ఫైలుది కాదు. తేడా లేకపోతే ఆ కాపీలో రిసోర్సులన్నీ తీసేసి మళ్లీ కొలవండి. తర్వాత బేస్‌లైన్లు, ఆ తర్వాత ఫార్ములాలు, చివరగా బయటి లింకులు. ఒక్కసారి ఒక్కటే తీయాలి, ప్రతిసారీ సేవ్ చేసి మూసి తెరవాలి. ఏది తీసినప్పుడు అంకె పడిపోయిందో అదే మీ దొంగ. ఏది తీసినా మార్పు లేకపోతే ఫైలు లోపల చెడి ఉండే అవకాశం ఉంది. అప్పుడు ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్‌లో సేవ్ చేసి, దాన్నే తెరిచి కొత్త ఎంపీపీగా (మామూలు ఎంఎస్ ప్రాజెక్ట్ ఫైలుగా) దాచండి. వ్యూలు, ఫార్మాటింగ్ పోతాయి, వాటిని పాత ఫైలు నుంచి ఎంఎస్ ప్రాజెక్ట్‌లోనే ఉండే ఆర్గనైజర్‌తో తెచ్చుకోవచ్చు. లోపలి చెత్త చాలావరకు అక్కడే రాలిపోతుంది.

ఇక నేను ఎక్కువ పట్టించుకునే విషయం. సాఫ్ట్‌వేర్ వేగం ఎంత పెంచుకున్నా, ఆ 11,000 లైన్లను వారం వారం నిజాయితీగా అప్‌డేట్ చేసేది ఎవరు? మీ లెక్కే తీసుకుందాం. 30 ఫ్లోర్లు, ఆరు ఫ్లాట్లు, ఫ్లాటుకు గోడలు, కాండ్యూట్, ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, పుట్టీ, తలుపులు ఇలా 12 పనులు అనుకుంటే టవర్‌కు 2,160, నాలుగింటికి 8,640. మిగిలిన 2,360 లైన్లలో స్ట్రక్చర్, లిఫ్టులు, బయటి పనులు, కొనుగోళ్లు అన్నీ ఉన్నాయన్నమాట. అంటే షెడ్యూల్‌లో మూడొంతులకు పైగా ఫ్లాట్ లోపలి పనులే. ఫినిషింగ్ ఊపందుకున్న నెలల్లో ఏ వారం చూసినా నాలుగు వందల పనులు నడుస్తూ ఉంటాయి. ఒక్కోదానికి ఎప్పుడు మొదలైంది, ఇంకా ఎన్ని రోజులు మిగిలింది అని సైట్ ఇంజనీర్‌ను అడిగి రాసుకోవడానికి మూడు నిమిషాలు వేసుకున్నా 20 గంటలు. వారంలో సగం పోయింది. ఎవరికీ అంత తీరిక ఉండదు కాబట్టి శుక్రవారం సాయంత్రం ఫిల్టర్ వేసి, వందల లైన్లకు ఒకేసారి 50 శాతం కొట్టేస్తారు. ఆ రోజు నుంచి ఆ షెడ్యూల్ చూపించే క్రిటికల్ పాత్‌కు విలువ ఉండదు. అదే షెడ్యూల్‌ను చూపించి హ్యాండోవర్ తేదీని రెరాకు, ఫ్లాట్ కొన్నవాళ్లకు చెప్తున్నామని గుర్తుంచుకోవాలి. అప్పు తీసుకుని ఈఎంఐ కడుతూ, ఇంకోపక్క అద్దె ఇంట్లో ఉంటూ ఆ తేదీ కోసం ఎదురుచూసే కుటుంబాలు ఉంటాయి.

అందుకని ఫ్లాట్ వారీగా వద్దు, ఫ్లోరును రెండు జోన్లుగా చేయండి. 30 ఫ్లోర్లు, రెండు జోన్లు, 12 పనులు అంటే టవర్‌కు 720, నాలుగింటికి 2,880. మిగతా 2,360 కలిపితే 5,240. టవర్‌కు 1,300 చొప్పున నాలుగు ఫైళ్లు, ఎంఎస్ ప్రాజెక్ట్‌కు ఇది ఏమంత బరువు కాదు. మేస్త్రీ గ్యాంగులు ఎలాగూ జోన్ వారీగానే కదులుతాయి, కాబట్టి లాజిక్ కూడా సైట్‌కు దగ్గరగా వస్తుంది. ఏ ఫ్లాట్‌లో ఏ తలుపు బిగించలేదో, ఎక్కడ టైలు పగిలిందో అన్న వివరం ఎక్సెల్ ట్రాకర్‌లోనో లోపాలు రాసుకునే స్నాగింగ్ యాప్‌లోనో ఉండాలి. అక్కడ లైన్లు పది వేలున్నా నష్టం లేదు, వాటి మధ్య లింకులు ఉండవు కదా.

మరీ కుదించడం కూడా తప్పే. అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టులను పర్యవేక్షించే డీసీఎంఏ సంస్థ వాడే 14 అంశాల పరీక్షలో, 44 పనిదినాలు మించిన యాక్టివిటీలు అయిదు శాతం దాటకూడదని ఉంటుంది. అది రక్షణ రంగానికి రాసిన కొలత, భవనాలకు అంత పొడుగు కూడా ఎక్కువే. వారం వారం అప్‌డేట్ చేసేచోట ఒక పని రెండు మూడు వారాల్లో ముగిసేలా ఉంటే ఆలస్యం దాక్కోవడానికి చోటుండదు. మూడేళ్ల పనిని మొదటి రోజే ఈ స్థాయిలో రాయాల్సిన అవసరమూ లేదు. రాబోయే మూడు నాలుగు నెలల పనిని పూర్తిగా విడగొట్టి, ఆ తర్వాతది కాస్త పెద్ద ముక్కలుగా ఉంచి, ప్రతి నెలా ముందుకు జరుపుకుంటూ పోండి. క్లయింట్ కన్సల్టెంట్ ఒప్పుకోడంటారు, తెలుసు. బేస్‌లైన్ సమర్పించేటప్పుడే ఆ పద్ధతిని వివరణ పత్రంలో రాసి ఇస్తే ఒప్పుకున్నవాళ్లే ఎక్కువ.

పీ6 సంగతి. అది ఫైలు మీద కాకుండా డేటాబేస్ మీద నడుస్తుంది కాబట్టి లైన్ల సంఖ్యను బాగా మోస్తుంది, నలుగురు ప్లానర్లు ఒకేసారి పనిచేయొచ్చు. కానీ నెమ్మదించడానికి దానికీ సొంత కారణాలున్నాయి. అక్కడ బేస్‌లైన్ అంటే మొత్తం ప్రాజెక్టుకు పూర్తి నకలు, యాక్టివిటీలు, లింకులు, అసైన్‌మెంట్లతో సహా. 5,240 యాక్టివిటీల ప్రాజెక్టుకు నెలకొకటి చొప్పున మూడేళ్లు బేస్‌లైన్లు పోగేస్తే 36 నకళ్లు, డేటాబేస్‌లో లక్షా ఎనభై ఎనిమిది వేలకు పైగా యాక్టివిటీలు. పాతవాటిని ఎక్స్‌ఈఆర్‌గా (పీ6 ఎగుమతి ఫైలుగా) ఎగుమతి చేసి దాచి, డేటాబేస్‌లోంచి తీసేయాలి. ఎక్స్‌ఈఆర్ అన్నాను కాబట్టి ఇంకోటి. సబ్‌కాంట్రాక్టర్ పంపిన చిన్న షెడ్యూల్ ఫైలు వింతగా పదుల మెగాబైట్లు ఉంటే నోట్‌ప్యాడ్ లాంటి ఎడిటర్‌లో తెరిచి 'పీఓబీఎస్' అనే టేబుల్ కోసం వెతకండి. షెడ్యూల్‌కు ఏ మాత్రం అవసరం లేని ఆ వరుసలు ఒక కంపెనీ డేటాబేస్ నుంచి ఇంకో కంపెనీకి ఫైళ్లతో పాటు అంటుకుంటూ వెళ్తాయి. ఎక్స్‌ఈఆర్ మామూలు టెక్స్టే, కాపీ చేసుకుని అందులో ఆ టేబుల్ మొదలు నుంచి తర్వాతి టేబుల్ పేరు దాకా తీసేసి ఇంపోర్ట్ చేయొచ్చు. అసలు బయటి ఫైలు ఏదైనా ముందు మీ ల్యాప్‌టాప్‌లోని స్టాండ్‌అలోన్ డేటాబేస్‌లోకి దించి, అక్కర్లేని గ్లోబల్ కోడ్‌లు, క్యాలెండర్లు ఏరేశాకే ఆఫీసు డేటాబేస్‌లోకి రానివ్వాలి.

సైట్ నుంచి వీపీఎన్ మీద హెడ్ ఆఫీసు డేటాబేస్‌కు కలిపి పీ6 ప్రొఫెషనల్ వాడితే అది నత్తనడక నడుస్తుంది. ఆ ప్రోగ్రామ్ ప్రతి చిన్న పనికీ డేటాబేస్‌తో ఎన్నోసార్లు ఇచ్చిపుచ్చుకుంటుంది, ఒక్కో రాకపోకకు నెట్‌వర్క్ ఆలస్యం తోడవుతుంది. బ్యాండ్‌విడ్త్ పెంచితే పెద్దగా ఫలితం ఉండదు. డేటాబేస్ పక్కనే ఉన్న మెషిన్‌లో ప్రోగ్రామ్ నడిపి, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా స్క్రీన్ మాత్రం సైట్‌కు తెచ్చుకుంటే సరిపోతుంది. నెలలు గడిచేకొద్దీ అందరికీ ఒకేలా నెమ్మదిస్తుంటే, సైమన్, డామన్ అనే నేపథ్య జాబ్‌లు నడుస్తున్నాయో లేదో డేటాబేస్ చూసుకునే వ్యక్తిని అడగండి. చెరిపేసిన రికార్డుల జాడలు 'రెఫర్‌డెల్' టేబుల్‌లో పేరుకుంటాయి, వాటిని ఊడ్చేది ఈ జాబ్‌లే.

కాబట్టి మీ సమస్య ఇప్పుడున్న రూపంలో పీ6కి తీసుకెళ్తే అది కొన్నాళ్లు దాక్కుంటుంది, అంతే. ముందు జోన్లకు కుదించి, మెటీరియల్ తీసేసి చూడండి. 5,240 లైన్లతో ఎంఎస్ ప్రాజెక్టే చాలు అని నా అభిప్రాయం. కాంట్రాక్టులో పీ6 అని రాసి ఉంటే, లేదా ముగ్గురు నలుగురు ప్లానర్లు ఒకే షెడ్యూల్ మీద పనిచేయాల్సి వస్తే అప్పుడు మారండి. మారేముందు సమ్మరీ టాస్కులకు (పనుల గుంపులకు పెట్టిన శీర్షిక లైన్లకు) ఇచ్చిన లింకులన్నీ తీసి, అసలు పనుల మధ్య ఇవ్వండి. ఇంపోర్ట్‌లో సమ్మరీలు డబ్ల్యూబీఎస్‌గా (పనుల విభాగాల వరుసగా) మారిపోతాయి, డబ్ల్యూబీఎస్‌కు లింకులు ఉండవు కాబట్టి ఆ లాజిక్ పోతుంది. మాన్యువల్ షెడ్యూల్‌లో ఉన్న టాస్కులను ఆటోకు మార్చండి, క్యాలెండర్లు సరిచూడండి. ఇంపోర్ట్ అయ్యాక రెండింటిలోనూ ప్రాజెక్టు ముగింపు తేదీ, టవర్ వారీగా ముగింపు తేదీలు పక్కపక్కన పెట్టి పోల్చండి. తేదీ కలవని టవర్‌లో వెనక నుంచి ముందుకు డ్రైవింగ్ లింకులు (తేదీని నిర్ణయిస్తున్నవి) పట్టుకుని వెళ్తే ఎక్కడ తెగిందో దొరుకుతుంది.